పరగడుపున పెల్లియా

బాటనీ చదివే పిల్లలు ఎవరైనా మా ఇంటికి వస్తే, కాసేపు కూర్చుని, కాఫీ తాగి, చివరికి మర్యాద కోసం ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంఘటన ఏది?" నేను ఏదో అడవిలో తిరిగి కొత్త మొక్కను కనిపెట్టిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఏ మొక్కనూ కనిపెట్టలేదు. ఉన్న ఒక్క మొక్కను ఎవరూ తినకుండా కాపాడలేకపోయాను. నా సర్వీసులో చెప్పుకోదగ్గది అదే. మీకు తీరిక లేకపోయినా చెబుతాను, రిటైరైనవాడి ఇంటికి రావడం మీ తప్పు.

అరవైల మొదట్లో నేను చింతామణి కాలేజీలో బాటనీ డెమాన్‌స్ట్రేటర్‌ని. అదీ తాత్కాలికంగా. నేనొక్కణ్ణే కాదు, మా సెక్షనే తాత్కాలికం. ఒక లెక్చరర్, ఒక అటెండర్, నేను, ఒక మైక్రోస్కోపు. అంతా కలిపితే ఒక శాఖ. ఉగాది ముందు విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ వచ్చి చూస్తుంది. బాగుందంటే శాఖ పర్మనెంట్, దానితోపాటు నేనూ పర్మనెంట్. బాగాలేదంటే శాఖ మూత, నేను మా ఊరు మిట్టేమరికి వెళ్ళి శనక్కాయలు పెరకాలి. నాకు శనక్కాయల మీద ద్వేషమేమీ లేదు. తినేటప్పుడు అవంటే ఇష్టమే.

మా నాయనకు మాత్రం కాలేజీ మీద నమ్మకం లేదు. సెలవుకు బాగేపల్లిలో బస్సు దిగి ఇంటికి చేరగానే మొదటి మాట అదే.

"ఏమప్పా, నౌకరీ పర్మెంటు అయ్యిందా?"

"ఇంకా లేదు నాయనా. కమిషన్ రావాల."

"తాడు కట్టని గొడ్డు, పర్మెంటు కాని నౌకరీ రెండూ ఒగటే. పొద్దున్నే లేచి చూస్తే ఉండాదో లేదో తెలీదు. చేన్లో పని నిండా ఉండాది, చెప్పినాను చూడు."

ఇలాంటి పరిస్థితిలో మాకు బెంగళూరు నుంచి ఒక కబురు అందింది. కమిషన్ చైర్మన్‌గా రాబోయే ప్రొఫెసర్ గారికి పువ్వులంటే గిట్టదట. చెట్లంటే చులకనట. ఆయన జీవితమంతా నాచుమొక్కలకూ లివర్‌వర్ట్‌లకూ ధారపోశాడట. ఏ కాలేజీకి వెళ్ళినా ముందు అడిగేది, "బతికున్న లివర్‌వర్ట్ చూపించండి" అని. అందరూ సీసాలో ఊరబెట్టిన ముక్క చూపిస్తారు. ఆయన దాన్ని ఒక చూపు చూసి, "ఇది ఊరగాయ" అని లేచి వెళ్ళిపోతాడట.

లివర్‌వర్ట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. కాండం లేదు, ఆకు లేదు, పువ్వు లేదు. తడి మట్టి మీద, రాళ్ళ మీద పచ్చగా, పల్చగా అతుక్కుని పడుంటుంది. అంచులు ముడతలు పడి, చూడటానికి మేక కార్జం ముక్కకు పచ్చరంగు వేసినట్టుంటుంది. మా అమ్మ కంట పడితే పాచి అని గీకి పారేసేది. అందులో పెల్లియా అని ఒక జాతి. అది చల్లటి దేశాలదీ చల్లటి కొండలదీ. మా పాఠ్యపుస్తకం రాసినాయన ఇంగ్లండు వాడు కాబట్టి, ఆయన పెరట్లో కనబడిన పెల్లియానే పాఠంలో పెట్టేశాడు. చింతామణిలో ఎర్రమట్టి, రాగులు, వేరుశనగ తప్ప మరేమీ ఉండవని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కానీ మా దగ్గర పెల్లియా ఉంది. బతికున్నది. కబురు విన్నప్పుడు మా లెక్చరర్ గారి ముఖం వెలిగిపోయింది అందుకే.

ఆయన మైసూరు వైపు మనిషి. బక్కపల్చటి ఒళ్ళు, మొక్క అంటే ప్రాణం. దసరా సెలవుల్లో భార్యను తీసుకుని డార్జిలింగ్ వెళ్ళాడు. ఆమె మంచుకొండలు చూద్దామనుకుంది, ఆయన మురుగు కాలువ గట్లు చూశాడు. తిరుగు ప్రయాణంలో బిస్కెట్ల డబ్బాలో తడి నాచు పరిచి, అందులో పెల్లియాను పడుకోబెట్టి, రైలులో కిటికీ పక్క సీటు దానికిచ్చాడు. ప్రతి స్టేషనులో దిగి నీళ్ళు పట్టుకొచ్చి ముందు డబ్బాలో చిలకరించి, మిగిలితే భార్యకు ఇచ్చేవాడట. ఆ సంగతి ఆమె మాకు చాలాసార్లు చెప్పింది, నవ్వకుండా.

చింతామణి ఎండలో దాన్ని బతికించడం మా ముగ్గురి పని అయింది. కాలేజీ మొత్తంలో చల్లటి చోటు మా శాఖ వెనకాల స్టోర్ రూమ్. అక్కడ వెడల్పాటి మట్టి మూకుడులో దాన్ని పెట్టి చుట్టూ తడి గోనెసంచులు కప్పాం. నీళ్ళు ఒక్కసారిగా పోస్తే కుళ్ళిపోతుంది, పోయకపోతే ఎండిపోతుంది. ఏం చేయాలా అని లెక్చరర్ తల పట్టుకుంటే మా అటెండర్ ఉపాయం చెప్పాడు.

"శివుడికి ఎండాకాలం ధారాపాత్ర కడ్తారు కదా సార్. అట్ల కడ్దాం."

కుండకు అడుగున చిల్లు పొడిచి, దర్భపోచ దూర్చి, దూలానికి వేలాడదీశాడు. చుక్క చుక్కగా నీళ్ళు పెల్లియా మీద పడ్డాయి. మర్నాడు పొద్దున చూస్తే మూకుడు అంచుకు మూడు విభూతి గీతలు, పక్కన రెండు బంతిపూలు ఉన్నాయి. లెక్చరర్ కోప్పడితే అటెండర్, "నీళ్ళ ధార పడ్తాండాది, పూలు లేకుంటే బాగుండదు సార్" అన్నాడు. అర్ధసంవత్సరం పరీక్షలు దగ్గర పడేసరికి కొందరు విద్యార్థులు దాని చుట్టూ ప్రదక్షిణలు కూడా చేశారు. వాళ్ళలో బాటనీ చదవనివాళ్ళే ఎక్కువ.

ఇంతవరకు బాగానే ఉంది. సంక్రాంతి తర్వాత కాలేజీలో వస్తుప్రదర్శన పెట్టడంతో కథ మలుపు తిరిగింది.

ఊళ్ళో జనం, చుట్టుపక్కల పల్లెల జనం విరగబడి వచ్చారు. మా లెక్చరర్ పెల్లియా ముందు నిలబడి ఉత్సాహంగా ఉపన్యాసం మొదలుపెట్టాడు. "దీని ఆకారం కార్జం లాగా ఉంది కదా. అందుకని తెల్లవాళ్ళ సీమదేశంలో పూర్వం జనం ఇది కార్జం రోగాలకు, కామెర్లకు మందని నమ్మేవారు. అది శుద్ధ మూఢనమ్మకం" అన్నాడు. మొదటి వాక్యాలు జనం చెవుల్లోంచి గుండెల్లోకి దిగాయి. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. ఆవు ఈనిందంటే చాలు, దూడను కట్టేయడానికి తాడు వెతికే జనం మనవాళ్ళు. ఎద్దు ఈనిందన్నా వెతుకుతారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మూకుడులో పెల్లియా పల్చబడటం మొదలైంది.

మొదట ఒక మూల ఖాళీ అయింది. తర్వాత ఇంకో మూల. లెక్చరర్ భూతద్దం పెట్టి చూసి, "అంచులు కొరికినట్టున్నాయి. నత్తలు" అని తేల్చాడు. నేను బొద్దింకలన్నాను. అటెండర్ రెండు వైపులా తల ఊపి, "నత్తలూ ఉండొచ్చు, బొద్దింకలూ ఉండొచ్చు" అన్నాడు. మూకుడు కింద నీళ్ళ పళ్ళెం పెట్టాం. చుట్టూ ఉప్పు గీత గీశాం. ఆ గీత గీసింది కూడా అటెండరే, ముగ్గు వేసినంత శ్రద్ధగా వేశాడు. అయినా పెల్లియా తగ్గుతూనే ఉంది. ఇటు కమిషన్ దగ్గరికొస్తోంది, అటు మొక్క కరిగిపోతోంది. నాకు కలలో కూడా శనక్కాయలు కనబడసాగాయి.

ఒక ఆదివారం నేను తెల్లవారుజామునే కాలేజీకి వెళ్ళాను, మూకుడు తడి చూద్దామని. స్టోర్ రూమ్ వెనక వరండాలో జనం వరసగా తూర్పుముఖంగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కొబ్బరిచిప్ప. మా అటెండర్ స్నానం చేసి, తడి పంచెతో, ఒక్కో చిప్పలో మజ్జిగ పోసి, వేలి కొసతో ఏదో పచ్చటిది కలుపుతున్నాడు.

"ఏం చేస్తాండావు?" అన్నాను.

"మందు ఇస్తాండాను సార్. కామెర్లకి. నువ్వు గింజంత, అంతే."

"అది మన కమిషన్ మొక్క కదయ్యా."

"అడిగినోళ్ళకి లేదంటే మందుకి గుణం పోతాది సార్. పరగడుపున వచ్చి అడిగితే లేదనకూడదు. దుడ్డు తీసుకోకూడదు. మా అవ్వ తేలు మందు ఇస్తా ఉండె. చచ్చేదాకా ఒగరికీ లేదనలేదు."

ఒక ముసలమ్మ నా వైపు జాలిగా చూసి, "నీకూ కండ్లు పచ్చగా ఉండాయి నాయనా, కూసో" అంది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు, నిజమే కాబోలు.

నేను నేరుగా వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి చెప్పేస్తానని బెదిరించాను. మా ప్రిన్సిపాల్ గణితం మనిషి. చిక్కబళ్ళాపురం వ్యాపారస్తుల ఇంటి నుంచి వచ్చినవాడు. రుజువు లేనిది దేవుణ్ణి కూడా నమ్మడని పేరు. ఆయన పేరు చెబితే అటెండర్ గజగజ వణుకుతాడనుకున్నాను. అటెండర్ వరస చివరికి చూశాడు. అక్కడ తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న మనిషి తువ్వాలు కొద్దిగా పైకెత్తాడు. ప్రిన్సిపాల్ గారే.

"తూర్పుకు అడ్డంగా నిలబడొద్దప్పా," అన్నాడాయన మెల్లగా. "మందు తాగేటప్పుడు పరాయి నీడ పడకూడదంట."

"సార్, మీకు కామెర్లా?"

"లేవు. వస్తాయేమోనని."

కంచే చేను మేస్తే రైతు ఎవరితో చెప్పుకుంటాడు? కొన్నాళ్ళుగా ఆయన హాస్టల్లో ఉప్పులేని పెరుగన్నం తింటూ అందరి మీదా విసుక్కుంటున్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

ఇక లెక్చరర్‌కు చెప్పాలి. ఆయన కోపం వస్తే కన్నడంలోనూ, బాధ కలిగితే తెలుగులోనూ మాట్లాడేవాడు. ఆ రోజు ఏ భాషలోనూ మాట్లాడలేదు. మూకుడు ముందు గొంతుక్కూర్చున్నాడు. మిగిలింది అర్ధరూపాయి బిళ్ళంత ముక్క. తర్వాత తల ఎత్తి అటెండర్‌ను ఒక్కటే అడిగాడు.

"ఎవరికైనా తగ్గిందా?"

"అందరికీ తగ్గింది సార్."

"ఉప్పూ నూనే మానేసి పడుకుంటే చాలామందికి దానంతటదే తగ్గుతుందయ్యా. అది పథ్యం గొప్పతనం. దీనికేం సంబంధం లేదు."

"సంబంధం లేకుండా ఇంతమంది వస్తారా సార్?" అన్నాడు అటెండర్. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

అటెండర్ మీద నాకు ఒళ్ళు మండిపోయింది కానీ ఏమని తిట్టను? ఒక్క పైసా తీసుకోకుండా, తన ఇంటి మజ్జిగ పోసి మరీ మా ఉద్యోగాలు పంచిపెట్టాడు మనిషి.

ప్రిన్సిపాల్ గారు సిగ్గుపడి స్టోర్ రూముకు తాళం వేయించి తాళంచెవి తన జంధ్యానికి కట్టుకున్నాడు. అటెండర్‌తో ఇక ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాడు.

"నేనుగా ఇవ్వను సార్," అన్నాడతను. "కానీ ఎవురూ నన్ను అడక్కుండా మీరే చూసుకోవాల. చెవిన పడితే లేదనేకి నాకు నోరు రాదు."

అతని చెవిన పడకుండా చూడటమెలా? చివరికి అటెండరే దారి కనిపెట్టాడు. రెండు చెవుల్లోనూ దూది కూరుకున్నాడు. కమిషన్ వచ్చేదాకా కాలేజీలో గంట కొట్టాల్సిన మనిషికి ఏమీ వినబడలేదు. కొన్ని క్లాసులు మధ్యాహ్నం దాకా సాగాయి, కొన్ని మొదలే కాలేదు. నేను గేటు దగ్గర నిలబడి, పసుపు కళ్ళతో వచ్చినవాళ్ళను, "మందు అయిపోయిందప్పా, పథ్యం చేయండి, సర్కారు ఆసుపత్రికి పోండి" అని పంపిస్తుంటే, వాళ్ళు నన్ను తిట్టుకుంటూ వెళ్ళేవారు. డెమాన్‌స్ట్రేటర్ ఉద్యోగంలో ఇదీ ఒక భాగమని ఎవరూ చెప్పలేదు.

కమిషన్ వచ్చే రోజు తెల్లవారింది. లెక్చరర్ తాళం తీయించుకుని, మూకుడు మీది గోనె తీసి ఒక్క కేక పెట్టాడు. పరుగెత్తుకెళ్ళి చూశాను. ఆ బిళ్ళంత ముక్కలోంచి రాత్రికి రాత్రే ఒక సన్నటి తెల్లటి కాడ లేచి నిలబడింది. దాని కొసన ఆవగింజంత నల్లటి గుండు మెరుస్తోంది. పెల్లియా బీజాలు అందులోనే ఉంటాయి. పుస్తకంలో బొమ్మగా తప్ప దాన్ని మేమిద్దరమూ ఎప్పుడూ చూడలేదు. ఎక్కడి డార్జిలింగ్, ఎక్కడి చింతామణి. లెక్చరర్ కళ్ళనిండా నీళ్ళు. "ఇది చూశాక ఆయన కాదనలేడు" అన్నాడు. నాకూ ధైర్యం వచ్చింది.

కారు వచ్చింది. ముగ్గురు దిగారు. చైర్మన్ గారు పెద్దాయన, తెల్లటి మీసాలు, నల్లకళ్ళద్దాలు. ప్రిన్సిపాల్ దండ వేశాడు. టేబుల్ మీద ఉప్మా, వడ, కాఫీ సిద్ధంగా ఉన్నాయి. మిగతా ఇద్దరు సభ్యులు వెంటనే ఆ టేబుల్‌ను తనిఖీ చేయడం మొదలుపెట్టారు. చైర్మన్ గారు మాత్రం వడ వద్దన్నాడు. ఉప్మా వద్దన్నాడు. చివరికి కాఫీ కూడా వద్దన్నాడు. ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. కాఫీ ముట్టని కమిషన్‌ను కోలారు జిల్లాలో అంతకుముందు ఎవరూ చూడలేదు. మా పని అయిపోయిందనే అనుకున్నాను.

"లివర్‌వర్ట్ ఎక్కడ?" అన్నాడు చైర్మన్.

స్టోర్ రూములోకి ఆయన, లెక్చరర్, అటెండర్, నేను వెళ్ళాం. చైర్మన్ గారు నల్లకళ్ళద్దాలు తీసి, మూకుడు ముందు మోకాళ్ళ మీద వంగి, జేబులోంచి తన సొంత భూతద్దం తీశాడు. ధారాపాత్ర చుక్క ఆయన మెడమీద పడుతున్నా కదల్లేదు. "పెల్లియా. కాడతో సహా," అన్నాడు. "ఈ ఎండలో ఎట్ల బతికించినారయ్యా?" లెక్చరర్ ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు.

చైర్మన్ గారు తల ఎత్తినప్పుడు నేను చూశాను. ఆయన కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

చైర్మన్ గారు వెనక్కి తిరిగి అటెండర్‌ను చూసి ఏదో అడిగాడు. పెద్దాయన మాట్లాడుతుంటే చెవిలో దూది ఉండటం మర్యాద కాదని అటెండర్ రెండు చెవులూ ఖాళీ చేసుకున్నాడు. నేను సైగ చేసేలోపే ఆ పని జరిగిపోయింది.

"మందు ఇచ్చేది నువ్వేనా అప్పా?" అన్నాడు చైర్మన్ మళ్ళీ.

"నేనే సార్."

"నాకు కొంచెం కావాల. పరగడుపునే వచ్చినాను."

లెక్చరర్ మూకుడుకు అడ్డంగా జరిగాడు. "సార్, ఈ మొక్కల మీద పుస్తకం రాసింది మీరే కదా" అన్నాడు ఎలాగో.

"రాసినాను. మా అమ్మ చదవలేదు." చైర్మన్ గారు నేలమీద చతికిలబడ్డాడు. "నంది ఊళ్ళో ఉంటాది. రాత్రి ఆడనే దిగినాను. నా కండ్లు చూసి, చింతామణి కాలేజీ మందు తాగకుండా మల్ల ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాది. పొద్దున కాఫీ గూడా ఇయ్యలేదు. డాక్టరు మందులు వాడతానే ఉండాను, ఆమెకి అవి చాలవు."

"ఇదే చివరి ముక్క సార్," అన్నాడు లెక్చరర్. "బయట మీ సభ్యులు ఇంకా చూడలేదు."

అటెండర్ అప్పటికే కొబ్బరిచిప్ప కడుగుతున్నాడు. పరగడుపున వచ్చి అడిగినవాడికి లేదనడం అతనికి చేతకాదు. మా ఇద్దరికీ కమిషన్ చైర్మన్‌కు లేదనడం చేతకాదు. ఇస్తే చూపించడానికి మొక్క లేదు. ఇవ్వకపోతే చూసేవాడు మా వైపు లేడు. మిట్టేమరి చేను నా కళ్ళ ముందు బారుగా పరుచుకుంది.

చైర్మన్ గారు మా ముఖాలు చూశాడు, మూకుడునూ చూశాడు. జేబులోంచి చిన్న పట్టకారు తీసి, ఆ తెల్లటి కాడను నల్లగుండుతో సహా మెల్లగా పెరికి, లెక్చరర్ అరచేతిలో పెట్టాడు.

"ఇది మీది. ఈ సాయంత్రమే తడి మట్టి మీద చల్లండి. ఎండితే మొలవదు. కింది భాగం నాకు చాలు."

అటెండర్ కలిపి ఇచ్చాడు. చైర్మన్ గారు తూర్పుకు తిరిగి చిప్పను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏండ్ల కొద్దీ వీటిని కోసి, గాజుపలక మీద పెట్టి చూసినాను," అన్నాడు. "ఒగదాని ముందర చెయ్యి చాపేది ఇదే మొదలు." కళ్ళు మూసుకుని తాగేశాడు.

సరిగ్గా అప్పుడు మిగతా సభ్యులిద్దరూ మూతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. ఒకాయన ఖాళీ మూకుడు చూసి, "బతికున్న మొక్క ఏదీ?" అన్నాడు.

"నేను చూసినాను," అన్నాడు చైర్మన్, మీసాలమీద మజ్జిగతో. "బతికే ఉండింది. దానికి నాది హామీ."

ఆ తర్వాత ఆయన మైక్రోస్కోపు చూశాడు, గడియారం చూశాడు, నన్ను కూడా చూశాడు. శాఖ ఉంటుందో మూస్తారో మాత్రం తేల్చలేదు. అందరం కారు దాకా సాగనంపడానికి వెళ్ళాం. లెక్చరర్ ఒక పిడికిలి బిగించే ఉంచాడు, అందులో ఆ నల్లగుండు ఉంది మరి. కమిషన్‌కు ఒంటిచేత్తో నమస్కారం పెట్టాడు. సభ్యులు అది మైసూరు పద్ధతి కాబోలనుకున్నారు.

కారెక్కబోతూ చైర్మన్ గారు అటెండర్‌ను పక్కకు పిలిచాడు. నేను దగ్గరే ఉన్నాను.

"పథ్యం ఎట్ల?"

"ఉప్పు లేదు, నూనె లేదు సార్. మల్ల వచ్చే ఏడు ఇదే టైముకి వచ్చి ఇంగొగ తూరి తాగాల. అప్పుడే మొదలంటా పోతాది."

ఆ షరతు అతను అంతకుముందు ఎవరికీ చెప్పగా నేను వినలేదు. తెలివితో అన్నాడో, నమ్మే అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మనిషి ముఖంలో రెండూ ఒకేలా కనబడతాయి.

చైర్మన్ గారు అతన్నీ, పిడికిలి బిగించిన లెక్చరర్‌నూ, ఊపిరి బిగబట్టిన నన్నూ వరసగా చూసి, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"అట్లయితే వచ్చే ఏడు మీరు ముగ్గురూ ఈడనే ఉండాల" అని కారెక్కాడు.

నా పర్మనెంట్ ఆర్డరు అదే. కాగితం తర్వాత వచ్చింది.